ఆరో తరగతిల మూడో భాష: హిందీయా, ఫ్రెంచా? హన్మకొండ సంగతి తెలిసినోళ్లు చెప్పుర్రి

హన్మకొండ అమ్మ:

అందరికి నమస్తే. మాది హన్మకొండ, నయీంనగర్ దిక్కు. మా పాప వచ్చే జూన్ల ఆరో తరగతికి పోతది, సీబీఎస్ఈ స్కూలు. మొన్న పేరెంట్స్ మీటింగుల ఒక ఫారం చేతిల పెట్టిన్రు. ఇంగ్లిష్, తెలుగు ఎట్లైనా ఉంటయట. మూడో భాష హిందీ కావాల్నా, ఫ్రెంచ్ కావాల్నా టిక్కు కొట్టి సోమవారం వరకు ఇయ్యాలెనట. ఏది మంచిదని అడిగితే "మీ ఇష్టం మేడమ్" అంటరు తప్ప ఒక్క ముక్క వివరంగ చెప్పరు.

ఇంట్ల ఒక్కొక్కలది ఒక్కో మాట. హిందీ రాకుంటే రేపు నాగపూర్ దాటినంక నోరెట్ల లేస్తది అంటడు మా ఆయన. పాపతోని గల్లీల ఆడుకునే దోస్తులంత ఉర్దూ మాట్లాడేటోళ్లే, కాబట్టి మాట్లాడుడు వరకైతే హిందీ దానికి మంచిగనే వస్తది, రాసుడే రాదు. మా మరిది డల్లాస్ నుంచి ఫోన్ జేసి "ఫ్రెంచ్ ఉంటే కెనడా అల్కగ దొరుకుతది వదినా, కండ్లు మూసుకొని పెట్టుర్రి" అన్నడు. మా అత్తమ్మేమో "అది నేర్చి ఎవలతోని మాట్లాడ్తదే, నాతోనా?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. పాపకు మాత్రం ఫ్రెంచే కావాలె, ఎందుకంటే దాని పక్కన కూసునే పిల్ల ఫ్రెంచ్ తీసుకుంటున్నది. అంతకు మించి కారణమేం లేదు.

నా భయం వేరే. మా ఇంట్ల ఎవ్వలకు ఒక్క ఫ్రెంచ్ మాట రాదు. హోంవర్క్ ఎవలు చూడాలె? రాసేదొకటి, పలికేదొకటి అంటరు. తప్పు పలికినా మాకు తెల్వది. పదిల మార్కులు పోతయా? తర్వాత పనికొస్తదా? తెలిసినోళ్లు జర చెప్పుర్రి.

కాజీపేట జంక్షన్:

మస్తు స్కోరింగ్ అక్కా, పెట్టేయుర్రి. మా పెద్దోనికి పదిల ఫ్రెంచ్‌ల 97 వచ్చినయి. ఇప్పుడు ఏమన్న మాట్లాడురా అంటే బోంజూర్ (నమస్తే) అని ఆగిపోతడు. ఇంటర్ల సంస్కృతం తీసుకున్నడు, అందుల 99. సంస్కృతంలనైతే ఆ బోంజూర్ అంత గూడ రాదు. మార్కుల కోసమైతే ఏదైనా ఒకటే.

వరంగల్ ఫ్రెంచ్ టీచర్:

చెల్లె, నేను వరంగల్లనే ఫ్రెంచ్ చెప్త. హైదరాబాద్‌ల విదేశీ భాషలు చెప్పే ఇఫ్లూ యూనివర్సిటీల ఎమ్మే చేసిన. పొద్దున ఒక స్కూల్ల, సాయంత్రం ఇంటి దగ్గర నిట్ పిల్లలకు చెప్త. ఫ్రెంచ్ మీదనే బతికేదాన్ని కాబట్టి నా మాటలు కొంచెం తగ్గించుకొనే చదువు.

ముందు ఆ ఫారం సంగతి. మూడు భాషల్ల కనీసం రెండు మన దేశానివి ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్తది. ఇంగ్లిష్, తెలుగు, ఫ్రెంచ్ అంటే ఆ లెక్క ఎట్ల కుదురుతదో స్కూలోళ్లనే అడుగు. ఫ్రెంచ్ పది దాకా ఉంటదా, ఎనిమిదితోనే ఆగిపోతదా, నడుమల మారుస్తరా, ఇవన్ని కాయితం మీద రాసియ్యమను. నోటి మాట నమ్మకు. తెలుగుకైతే ఢోకా లేదు, 2018ల వచ్చిన చట్టం ప్రకారం ఏ బోర్డు స్కూలైనా పది దాకా తెలుగు చెప్పాల్సిందే. ఫ్రెంచ్ వచ్చి కూసునేది హిందీ జాగలనే. మీ పాప హిందీ మాట్లాడ్తది కాబట్టి చదువుడు, రాసుడు ఇంటి దగ్గర నేర్పిస్తే సరిపోతది. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలున్నయి గద, ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష, మనమంత రాసినవే. అవి రాపియ్యి. మీ ఆయనకు గూడ నెమ్మదైతది.

ఇగ కాజీపేట అన్న చెప్పింది నిజమే. పదో తరగతి ఫ్రెంచ్ పేపర్ 80 మార్కులకు, మిగిలిన 20 స్కూలు చేతిల ఉంటయి. పేపర్ల ఇచ్చిన పేరా చదివి జవాబులు రాసుడు, ఉత్తరాలు రాసుడు, గ్రామర్, ఫ్రాన్స్ సంస్కృతి మీద ప్రశ్నలు. ఆ 80 మార్కుల కోసం నోరు తెరిచే పనే లేదు. అందుకే ఎన్నో బళ్లల్ల నోరు తెరిపియ్యరు. ఒక స్కూల్ల, పేరొద్దు, నోట్‌బుక్కులు దిద్దమని నన్ను పిలిచిన్రు. "సెలవులు ఎట్ల గడిపినవో దోస్తుకు ఉత్తరం రాయి" అని ప్రశ్న. క్లాసు క్లాసంత ఎండాకాలం ఫ్రాన్స్‌ల ఉన్న నీస్ నగరంల మామయ్య ఇంటికి పోయొచ్చిన్రు! అందరు ఒకే సముద్రంల ఈత కొట్టిన్రు, అందరు ఒకే ఐస్‌క్రీం తిన్నరు. ఒక్క పిల్ల ములుగు పోలేదు, ఒక్క పిల్లగాడు మేడారం పోలేదు. గైడ్ల ఉన్న ఉత్తరాన్ని అక్షరం పోకుండ దింపిన్రు. మార్కులు మంచిగనే పడ్డయి.

నా దగ్గర చదివేటోళ్లతోని మేడారం ఉత్తరమే రాపిస్త. జంపన్నవాగుల స్నానం, నిలువెత్తు బెల్లం, బస్సుల నిలబడి పోయిన తిప్పలు. వాళ్లకొచ్చిన నూరు నూటయాభై మాటలతోనే రాయాలె. తప్పులు బోలెడు ఉంటయి. కని ఆ ఉత్తరం రాసిన పిల్ల ఆర్నెల్ల తర్వాత అడిగినా చెప్తది, ఎందుకంటే ఆ సంగతి దానిది.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే చెల్లె. భాష మంచిదా కాదా అని ఇంట్ల కొట్లాడుకోకుర్రి. స్కూలుకు పోయి, ఇప్పుడు ఆరో తరగతికి జరిగే ఫ్రెంచ్ క్లాసుల వెనక బెంచీ మీద ఒక్క పీరియడ్ కూసుంట అని అడుగు. టీచర్ నోట్లకెళ్లి ఫ్రెంచ్ వస్తున్నదా, పిల్లల నోట్లకెళ్లి వస్తున్నదా, అది చూడు. బోర్డు మీద రాసుడు, పిల్లలు దింపుకొనుడు తప్ప ఇంకేం లేకుంటే హిందీకి టిక్కు కొట్టి ఇంటికి రా. కూసోనియ్యకుంటే గూడ అంతే.

పలుకుడు గురించి భయపడ్డవు గని, మన పిల్లలకు అది అంత కష్టం కాదు. ఇంగ్లిష్ మీడియం అలవాటుతోని మొదట్ల అన్నిటికి "ట" అంటరు. ఫ్రెంచ్‌ల అది నాలుక పండ్లకు తగిలే మన "త". "టేబుల్" కాదు, "తాబ్ల్". మన ప, త, క ఎట్ల గాలి ఒత్తకుండ వస్తయో వాళ్లయి గూడ అట్లనే, ఇంగ్లిషోళ్లకే అది తిప్పలు. ముక్కుల నుంచి వచ్చే అచ్చులు కొన్ని ఉంటయి, హిందీ "హాఁ" అనే పిల్లకు అవి కొత్త గావు. పాత పద్యాల పుస్తకాల్ల కనిపించే అరసున్న గూడ ఒకప్పుడు అట్లాంటిదే. "ర" మాత్రం గొంతుల నుంచి రావాలె. "గరీబ్", "గజల్" అని ఉర్దూ ఇండ్లల్ల అసలు పద్ధతిల అంటే మొదట వచ్చే ఆ "గ" ఉన్నది సూడు, దానికి చాలా దగ్గర. మండీబజార్ దిక్కు ఉర్దూ ఇండ్ల నుంచి వచ్చే పిల్లలు నా క్లాసుల ఆ "ర"ను మొదటి రోజే పడేస్తరు, మిగిలినోళ్లు వాళ్ల దగ్గర నేర్చుకుంటరు. మీ పాప దోస్తులు ఇక్కడ గూడ పనికొస్తరు. ఇంకొకటి, మూతిని "ఊ" అన్నట్టు ముడిచి లోపల "ఈ" అనాలె. అద్దం ముందట నిలబెట్టి చేపియ్యి, వారంల వస్తది. నవ్వుడు మాత్రం ఆగది.

రాసేదొకటి, పలికేదొకటి అన్నది నిజమే గని, ఇంగ్లిష్ లెక్క ఇష్టమొచ్చినట్టు ఉండదు. మాట చివర హల్లు సాధారణంగ పలకరు, తర్వాతి మాట అచ్చుతోని మొదలైతే కొన్నిసార్లు ఆ హల్లు మళ్ల లేస్తది. మన సంధులు చదివిన పిల్లకు ఇదేం వింత గాదు. ఈ పద్ధతులు పట్టుబడ్డంక తెల్వని మాటనైనా సూసి చదువొచ్చు. "హ" అసలే పలకరు. నా క్లాసుల హర్షిత అర్షిత అయితది, హరీష్ అరీష్ అయితడు. లెక్కలకాడనే అందరు తన్నుకుంటరు. కాజీపేట అన్నా, మీవోనికి వచ్చిన 97ను ఫ్రెంచ్‌ల చెప్పమనుర్రి. నాలుగు ఇరవైలు, పది, ఏడు అని కూడుకుంట పోవాలె. బెల్జియం, స్విట్జర్లాండ్ ఫ్రెంచోళ్లు తొంభైకి ఒక్కటే మాట పెట్టుకొని బతికిపోయిన్రు.

సంస్కృతి పాఠాలంటే ఈఫిల్ టవర్ బొమ్మ గీసి రంగులేసుడు అనుకుంటరు. నాకైతే బడి గురించిన పాఠమే అన్నిటికన్న ఇష్టం. అక్కడ పదకొండేండ్ల పిల్లలు పోయే క్లాసు పేరు "సీజియెమ్", అంటే గూడ ఆరే. మన ఆరు, వాళ్ల ఆరు ఒక్క ఈడు పిల్లలే. ఆడికెళ్లి వాళ్లది కిందికి దిగుతది. మన ఏడుకు వాళ్ల ఐదు, మన ఎనిమిదికి వాళ్ల నాలుగు, మన పన్నెండుకు "తెర్మినాల్". మార్కులు ఇరవైకి. పది వస్తే పాసు, పన్నెండు వస్తే పర్వాలేదు, పద్నాలుగు మంచిది, పదహారు చాలా మంచిది. ఇది విన్నప్పుడు మా పిల్లల మొఖాలు సూడాలె. హన్మకొండ చౌరస్తల ర్యాంకుల ఫ్లెక్సీలు సూసి పెరిగినోళ్లు గద! బడి చివరి సంవత్సరం రాసే బాక్ అనే పరీక్షల ఫిలాసఫీ పేపర్ ఉంటది, నాలుగు గంటలు. 1808ల నెపోలియన్ కాలం నుంచి నడుస్తున్న పరీక్ష అది. బిట్లు లేవా మేడమ్ అని అడుగుతరు.

ఒక డిసెంబర్‌ల 2004 చట్టం గురించి చెప్పిన. మతం కొట్టొచ్చినట్టు కనిపించే గుర్తులు పెట్టుకొని ప్రభుత్వ బడికి రావద్దని ఫ్రాన్స్ చేసిన చట్టం. ముందు బెంచీల అయ్యప్ప మాల వేసుకొని నల్లబట్టలల్ల ఉన్న పిల్లగాడు లేచి "మరి నేను పోతే గేటు కాన్నే ఆపుతరా?" అన్నడు. వాని పక్క వరుసల హిజాబ్ వేసుకున్న పిల్ల "నువ్వు నలభై రోజులే, నేనైతే?" అన్నది. క్లాసంత దాని దిక్కు తిరిగింది. ఆ రోజు గ్రామర్ చెప్పలేదు. వాళ్లెందుకు అట్ల చేసిన్రు, అక్కడ చర్చికి, సర్కారుకు నడిచిన పాత కొట్లాట ఏంది, ఇక్కడ మనం వేరే తీరుగ ఎందుకున్నం, ఇదంత తెలుగుల్నే మాట్లాడుకున్నం. చివరికి "నేను అనుకునేది ఏందంటే" అని ఒక్కొక్కలు ఒక్క వాక్యం ఫ్రెంచ్‌ల రాసిన్రు. మాల పిల్లగాడు, హిజాబ్ పిల్ల ఇద్దరు ఒక్కతీరే రాసిన్రు, చట్టం మంచిగ లేదని. మూడో పిల్ల మంచిగనే ఉన్నదని రాసింది. దానిక్కూడ మార్కులేసిన.

ఫ్రాన్స్ మనకు దూరమని గూడ అనుకోకు. బొబ్బిలి యుద్ధం కథల ఫ్రెంచ్ సేనాని బుస్సీ ఉన్నడు గద, హైదరాబాద్‌ల నిజాం కొలువుల చక్రం తిప్పింది ఆయనే. మూసారాంబాగ్‌కు పేరొచ్చింది ముస్సే రేమోఁ పేరు మీదనే, 1798ల సచ్చిపోయిన నిజాం ఫ్రెంచ్ జనరల్, సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉన్నది. యానాం 1954 దాకా ఫ్రెంచోళ్ల చేతిలనే ఉండె. ఇవన్ని ఒట్టి ముచ్చట్లే, పరీక్షల రావు.

ఎనిమిదో తరగతికి నేనిచ్చే పాఠం ఇంకొకటి చెప్త. 2021ల రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. యునెస్కో పెద్దాఫీసు ఉండేది పారిస్‌ల, వారసత్వ స్థలాల పేజీలు ఫ్రెంచ్‌ల గూడ ఉంటయి. ఆ పేజీ ప్రింట్ దీసి పంచుత. పిల్లలంత పాలంపేట పోయొచ్చినోళ్లే, నీళ్ల మీద తేలే ఇటుక ముచ్చట విన్నోళ్లే. 1213 అంకె కనిపించంగనే గుడి కట్టుడు మొదలైన ఏడని పట్టుకుంటరు. "బ్రీక్" అని చదవంగనే "ఇటుక మేడమ్!" అని అరుస్తరు. తెలిసిన సంగతిని తెల్వని భాషల చదివిపియ్యాలె, గంతే.

కెనడా సంగతి మీ మరిదికి సగమే తెల్సు. 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చినోళ్లను వలసకు పిలిచేటందుకు వేరే డ్రాలు తీస్తున్నరు, అది నిజమే. కని దానికి టెఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా అని వేరే పరీక్షలు, వాటి స్కోరు రెండేండ్లే చెల్లుతది. పదకొండేండ్ల పిల్ల ఇప్పుడు నేర్చుకున్నదానికి ఆ డ్రాకు నడుమ ఎన్ని రూల్స్ మారుతయో ఎవలు చెప్పాలె? దాని కోసం తీసుకోకు.

మార్కులు కాకుండ ఏమన్న రుజువు కావాల్నంటే డెల్ఫ్ పరీక్ష రాపియ్యి. ఫ్రాన్స్ విద్యాశాఖ ఇచ్చే సర్టిఫికెట్, బడి పిల్లలకు వేరేగ ఉంటది, హైదరాబాద్‌ల ఫ్రెంచ్ నేర్పే అలియాన్స్ ఫ్రాంసేజ్ సంస్థల రాయొచ్చు. వినుడు, చదువుడు, రాసుడు, మాట్లాడుడు, ఒక్కొక్కటి 25 మార్కులు. మొత్తం 50 రావాలె, దేంట్లనైనా 5కు తక్కువొస్తే ఫెయిలు. నోరు తెరవకుండ పాస్ కాలేరు, అందుకే నాకది ఇష్టం. ఆ సర్టిఫికెట్‌కు గడువు గూడ లేదు.

హుజూరాబాద్ తమ్ముడు:

మేడమ్ మార్కుల గురించి చెప్పింది చదివి నవ్వొచ్చింది. నేను ఫ్రాన్స్‌ల గ్రెనోబ్ల్ నగరంల మాస్టర్స్ చదువుతున్న. మొదటి సెమిస్టర్ల ఇరవైకి 13 వచ్చినయని ఇంటికి చెప్పకుండ దాచిన. నా పక్కోడు 12 వచ్చినయని పార్టీ ఇచ్చిండు.

అక్కా, ఇక్కడ క్లాసులు ఇంగ్లిష్‌ల ఉంటయని ధైర్యంగ వచ్చిన. క్లాసు బయట అడుగు పెడితే అంత ఫ్రెంచే. కిరాయి అగ్రిమెంటు, బ్యాంకు ఉత్తరాలు, వీసా ఆఫీసు ఫారాలు, కరెంటు బిల్లు. కౌంటర్ కాడ బోంజూర్ అనకుండ సీదా పని చెప్తే మనల్ని సూడనట్టే ఉంటరు. అది పొగరు అనుకున్న, కాదట, మనమే మర్యాద తప్పినట్టట. ఇరవై మూడేండ్లకు మొదలుపెడితే ఆ గొంతు "ర" నాకిప్పటికీ వస్తలేదు. బడిల చెప్పేటోళ్లు ఉంటే నేర్పియ్యుర్రి, మా ఊర్ల లేకుండె.

తెలుగు పంతులు:

అందరు ఫ్రెంచ్ "ర" గురించి బాధపడుతున్నరు, మంచిదే. మా తొమ్మిదో తరగతిల సగం మంది బండి "ఱ"ను గుర్తుపట్టరు. ళ, ల తేడా పలకరు. ఇంట్ల మాట్లాడే భాష సక్కగ రాసుడు రాకుండ పై భాషలు ఎందుకమ్మా?

వరంగల్ ఫ్రెంచ్ టీచర్:

సార్, మీ బాధ నాకు తెల్సు, మా స్టాఫ్ రూంల గూడ రోజు వింట. కని నా అనుభవం వేరే. తెలుగుల విభక్తులు చదివిన పిల్లకు ఫ్రెంచ్ గ్రామర్ చెప్పుడు అల్కగ ఉంటది, తెలుగు రానోళ్లకు రెండుసార్లు చెప్పాలె. "క్రియ కర్తను బట్టి మారుతది" అంటే మీ పిల్లలు వెంటనే తలకాయ ఊపుతరు. వాళ్లు ఫ్రెంచ్ వల్ల తెలుగు మర్చిపోతలేరు సార్, తెలుగు పుస్తకం ఇంట్ల ఎవలు తెరవక మర్చిపోతున్నరు.

హన్మకొండ అమ్మ:

అందరికి థ్యాంక్స్. మేడమ్, మీరు చెప్పినట్టే పోయి అడిగిన. మొదలు వద్దన్నరు, ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికి పోతే ఒప్పుకున్నది. వెనక బెంచీల కూసున్న. టీచర్ చిన్న పిల్లనే, ఇరవై ఐదు గూడ ఉండయి. ఒక్కొక్కల్ని లేపి ఇంట్ల ఎంతమంది, ఎవలెవలు అని ఫ్రెంచ్‌లనే అడిగింది. ఒకడు "ట" అంటే నాలుక బయటపెట్టి సూపిచ్చింది, పిల్లలంత నవ్విన్రు, వాడు మళ్ల చెప్పిండు. అందరు మాట్లాడలేదు, వెనకున్న నలుగురైదుగురు తప్పించుకున్నరు. కని పీరియడ్ అయిపోయేదాంక బోర్డు మీద రాసింది నాలుగు లైన్లే.

పది దాకా ఉంటదా అంటే "ఎనిమిది వరకు పక్కా, తర్వాత బోర్డు రూల్స్ బట్టి" అని రాసిచ్చిన్రు. మా ఆయన హిందీ ప్రచార సభ మాటకు ఒప్పుకున్నడు, ఆదివారం క్లాసుకు తనే తోల్కపోతడట. ఫ్రెంచ్‌కు టిక్కు కొట్టిన. ఇప్పుడు చెప్పుర్రి, ముందుగాల ఏం కొనాలె? పుస్తకాల షాపుల గైడ్ ఉన్నదంటున్నడు.

వరంగల్ ఫ్రెంచ్ టీచర్:

గైడ్ కొనకు చెల్లె. నీస్ మామయ్య అందులనే ఉంటడు.

రెండు రంగుల పెన్నులు కొను, ఒక నోట్‌బుక్. ఫ్రెంచ్‌ల ప్రతి వస్తువు ఆడో మగో అయితది, హిందీ లెక్కనే. బల్ల ఆడ, పుస్తకం మగ. అది గుర్తువెట్టుకునేందుకు లెక్క పద్ధతేం లేదు. మాట నేర్చిన రోజే ముందట "ల" గాని "లా" గాని పెట్టి రాయాలె, మగదొక రంగు, ఆడదొక రంగు. ఈ అలవాటు ఆరుల పడకపోతే తొమ్మిదిల ఏడుస్తరు.

ఫోన్‌ల టీవీ5మోంద్ అనే ఫ్రెంచ్ చానల్ వాళ్ల మొదటి మెట్టు పాఠాలు ఉచితంగ దొరుకుతయి, చిన్న వీడియో, కింద ప్రశ్నలు. నీకు రాదు గద, పాపనే నీకు చెప్పమను. రాత్రి పది నిమిషాలు గట్టిగ చదవమను, నువ్వు పుస్తకం పట్టుకొని కూసో, చాలు. ఫ్రాన్స్‌ది ఆర్ఎఫ్ఐ అనే రేడియోల తేలిక ఫ్రెంచ్ వార్తలు పది నిమిషాలు వస్తయి గని అవి ఇప్పుడే పెట్టకు, ఎనిమిదిల మొదలుపెట్టు. ట్యూషన్ గూడ ఈ ఏడు వద్దు, నా దగ్గరికైనా సరే. వెనక బెంచీల తప్పించుకునే నలుగురిల మీ పాప కలిస్తే మాత్రం టీచర్‌కు చెప్పి ముందుకు కూసోపెట్టించు.